సద్దుమింగి

అసిరయ్య ఇనుప కడ్డీ ఒక కొనను కీలుమేకుకి ఆనించి, రెండో కొనను చెవి వెనక ఎముకకి నొక్కిపట్టాడు. కింద సముద్రం కదిలినప్పుడల్లా ఉక్కు ఉక్కుని వెంట్రుకవాసి రాసుకుంటోంది. పళ్ళు నూరుతున్న చప్పుడు. మేకు చుట్టూ ఎర్రటి పొడి రాలి ఉంది. సముద్రం మీద తేలే ఈ తేలుపేటని పక్క తేలుపేటకి పట్టి ఉంచేది ఆ మేకే.

"ఏటంటంది మావా? నిన్ను మనువాడతానంటందా?" గుమ్మంలోంచి కొర్లమ్మ అడిగింది.

"అరిగింది."

"అరగదేటి మరి! దాని పళ్ళూ నా పళ్ళూ ఒక్క ఈడువే."

నవ్వింది గాని చూపు అతని చేతిలోని సున్నం డబ్బా మీదే ఉంది. మేకుల అరుగుదల విని చెప్పే అతనిలాంటి చెవికాడు మేకు మీద సున్నం బొట్టు పెడితే కోతగాళ్ళు దాన్ని కోస్తారు. పేట సముద్రంలోకి పోతుంది. మనుషులు మిగతా పేటల అడుగుగదుల్లోకి పోతారు. అక్కడ గాలాడదు. లోపల ఆమె పెనిమిటి దగ్గుతున్నాడు.

రామ్నాయుడు మేస్త్రి కోతగాళ్ళని వెంటబెట్టుకుని వచ్చాడు. "బొట్టెట్టీవయ్యా. గాలివానకి ఈళ్ళ సద్దుమింగి కాలిపోయిన కాణ్ణించి ఈ చప్పుడికి పై పేటలోళ్ళకి నిద్ర నేదు."

"పై పేటల మేకులూ ఇన్నాను. అయ్యీ ఇలాగే నూరతన్నాయి."

"అక్కడ మింగీలు పన్జేస్తన్నాయి. ఇనబడదు."

"ఇనబడకపోతే అరగదేటి?"

మేస్త్రి గొంతు తగ్గించాడు. "నాకు తెలీదనుకున్నావా? నా ఇల్లూ అక్కడే. అన్నిటికీ కొత్త మేకులెయ్యడానికి ఉక్కేదీ? ఒక పేట పోతే దాని ఉక్కు మిగతాటికొస్తది. కానియ్యి."

అసిరయ్య సున్నంలో వేలు ముంచాడు. లోపల దగ్గు ఆగి, మళ్ళీ మొదలైంది. వేలు పంచెకి తుడుచుకుని వంతెన మొగనున్న, అన్ని పేటల మింగీలనీ నడిపే తల్లిమింగి గదిలోకి నడిచాడు.

"వొద్దురా అసిరా! జనం గోలెత్తిపోతారు!" మేస్త్రి వెనకే పరిగెత్తాడు.

అసిరయ్య రెండు చేతులా పిడి కిందికి లాగేశాడు.

ముందు ఏమీ లేదు. తర్వాత అన్ని పేటల కిందినుంచీ ఆ చప్పుడు ఒక్కసారే లేచింది. పై పేటల్లో తలుపులు తెరుచుకున్నాయి. జనం బయటికొచ్చి, ఎవరి కాళ్ళ కిందికి వాళ్ళు చూసుకున్నారు. ఒకడు పిల్లని భుజానికెత్తుకుని ఎటు వెళ్ళాలో తెలియక నిలబడిపోయాడు.

కోతగాడు మంట వెలిగించి పట్టుకున్నాడు. "ఏ మేకు మేస్త్రీ?" అని అరిచాడు.

మేస్త్రి తన ఇంటివైపు చూస్తున్నాడు.