పేరు పెట్టని కణాలు

సింహాచలం సంవత్సరీకం అయిన మర్నాడు పొద్దున్న, బరంపురం ఇంట్లో చుట్టాలకి ఉప్మా కలుపుతున్న పుణ్యవతికి కూతురు బ్యాగు సర్దుకోవడం కనిపించింది. ఛత్రపూర్ కోర్టులో గుమస్తాగా ఉండే ఒక్కగానొక్క కొడుకు సింహాచలం, మూత్రపిండంలో పుట్టిన అరుదైన క్యాన్సరుతో కిందటేడు పోయాడు. కూతురు భారతి భువనేశ్వర్‌లో ఒక పరిశోధనశాలలో పని చేస్తోంది.

"ఏటే, అప్పుడే ఎల్లిపోతున్నావా? చుట్టాలింకా లేవనేనేదు."

"ఎల్లాలమ్మా. లేబులో పెంచుతున్న కణాలకి ఇవాళ ఆహారం మార్చాలి. సూసే అమ్మాయికి జొరమట."

"అన్నకంటే ఎక్కువైపోనాయా నీకా కణాలు?"

భారతి చీర మడత పెట్టి, మెల్లిగా అంది.

"అవి అన్నయ్యవేనమ్మా."

ఆపరేషన్‌లో తీసిన గడ్డలోంచి చిన్న ముక్క తీసుకున్నారని, అందులోని కణాలు గాజు పళ్ళాల్లో ఇంకా పెరుగుతున్నాయని కూతురు చెబుతుంటే పుణ్యవతి గరిటె పక్కన పెట్టేసింది.

"ఆడి అస్థికలు గోపాలపూర్ సముద్రంలో కలిపీసేం. ఇంకా సీసాలో ఉన్నాడంటావేటి?"

"ఉన్నది అన్నయ్య కాదమ్మా. ఆ రోగం."

"నా కొడుకుని తినీసిందాన్ని కూకోబెట్టి మేపుతున్నావా?" పుణ్యవతి అరిచింది. "ఎవరినడిగి సేసేవీ పని?"

"అన్నయ్యనే అడిగేను." భారతి బ్యాగు పక్కకి జరిపింది. "అన్నయ్యకిచ్చిన మందులన్నీ వేరే క్యాన్సర్లవమ్మా. ఈ రకానికి ఏ మందు పనిచేస్తాదో పరీక్షించడానికి మా దగ్గర కణాలే లేవు. అది సెప్తే, 'నన్నెలాగూ వదల్దు, దాన్ని పనికి పెట్టు' అన్నాడు. ఇలా పెంచే కణాలు మూడొంతులు బతకవని కూడా సెప్పేను. 'అలాగైతే అమ్మకి సెప్పకు, మళ్ళీ ఏడుస్తాది. నిలబడితేనే సెప్పు' అన్నాడు. నిలబడ్డాయని మొన్ననే తేలింది. కార్యం ముందర సెప్పలేకపోయేను."

పుణ్యవతి గోడకి చేరబడింది. అంత నొప్పిలోనూ వాడు తన ఏడుపు గురించే ఆలోచించాడు. ఏడాదిగా నలుగురి ముందూ బిగబట్టుకున్నదంతా ఒక్కసారి పొంగింది. కూతురి భుజం మీద తల పెట్టి, చుట్టాలు లేస్తారన్న ధ్యాస లేకుండా ఏడ్చింది.

కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"దానికి ఆడి పేరెట్టేరా?"

"లేదమ్మా. పేర్లు పెట్టకూడదు. నంబరే."

"మంచిపని సేసేరు. ఆడి పేరు దానికక్కర్లేదు."

ఉప్మా డబ్బాలో సర్ది బ్యాగులో పెడుతూ తొందర చేసింది. "ఎల్లు, రైలు తప్పిపోతాది. దాన్ని మాత్రం సావనీకు."