మేడ మీది చెయ్యి

"ఏయ్ మీటరూ! కాళ్ళు ఆడించు, కళ్ళు కాదు!"

ఆ మాట వెనకే విజిల్. సరిగ్గా చెవి పక్కనే ఊదింది. అతను ఉలిక్కిపడి అంతెత్తున ఎగిరాడు.

"చెవులు నా సొంతవండీ. అద్దెకు తెచ్చుకున్నవి కాదు."

"మరి ఎందుకాగావ్? ఆగినవాళ్ళకి మన గుంపులో శిక్షేంటో తెలుసా?"

"చెవుడు."

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. ఆమెకీ నవ్వొచ్చింది గానీ, లీడర్ నవ్వితే లైను చెడుతుందని మొహం అటు తిప్పేసుకుంది. జడ మాత్రం నవ్వుతున్నట్టే ఊగింది.

అతను కరెంటు మీటర్ల రీడింగ్ తీసే కుర్రాడు. నాలుగు వారాల కిందట పొట్ట తగ్గుతుందని ఈ పరుగుల గుంపులో చేరాడు. పొట్ట చెక్కుచెదరలేదు. మెడికల్ షాపులో మందులిచ్చే ఈ అమ్మాయి మీద ఇష్టం మాత్రం రోజుకో జానెడు పెరుగుతోంది. మెడలో ఎప్పుడూ విజిలుంటుంది కాబట్టి అందరికీ ఆమె 'విజిల్'. అతను 'మీటర్'.

పొద్దున్న ఐదున్నరకి ఇరవై మంది బయల్దేరతారు. ఒంటరిగా బతుకుతున్న ముసలివాళ్ళ ఇళ్ళు ఇరవై నాలుగు. ఒక్కో గేటుకి ఓ సంచి తగిలిస్తారు. అందులో పాలు, రొట్టె, మందులు. బెల్లు రెండుసార్లు నొక్కుతారు. లోపలి మనిషి కిటికీలోంచి చెయ్యూపితే, విజిల్ చేతిలో అట్ట మీద ఆ ఇంటి ఎదురుగా 'క్షేమం' అని టిక్కు పడుతుంది. అంతే, మళ్ళీ పరుగు. ఆరోగ్యానికి ఆరోగ్యం, పుణ్యానికి పుణ్యం. మొత్తం యాభై నిమిషాలు. ఆదివారం టీవీ వాళ్ళొచ్చి ఆ యాభై నిమిషాలూ చూపిస్తారట. విజిల్‌కి నెల రోజులుగా నిద్రలో కూడా అదే గోల.

"ఈ మీటర్ కదలట్లేదండీ" అన్నాడతను, గేటు స్తంభంలోని పెట్టెను చూపిస్తూ. "సోమవారం నలభై ఒక్క వేల ఆరువందల ఎనిమిది. ఇవాళ బుధవారం. అదే అంకె."

"మామ్మ పొదుపు. నీకేం బాధ?"

"ఇంట్లో ఫ్రిజ్ ఉందంటారు కదా. ఫ్రిజ్‌కి పొదుపు తెలీదు."

"పైకి చూడు మహానుభావా. అదిగో, మామ్మ."

మేడ మీద నిలువాటి కిటికీ. పై అద్దం, నడిమి అద్దం, కింది అద్దం. పొగమంచులో నడిమి అద్దం వెనక తెల్లటి చెయ్యొకటి అటూ ఇటూ ఊగుతోంది. మొహం కనపడట్లేదు. చెయ్యొక్కటే.

"టాటా మామ్మా!" అని ఇరవై గొంతులు అరిచాయి. ఇరవై చేతులు లేచాయి.

చెయ్యి ఇంకా గబగబా ఊగింది.

టిక్కు పడింది. లైను కదిలింది. అతను వెనక్కి వెనక్కి చూస్తూ పరిగెత్తాడు. సోమవారం ఆ చెయ్యి పై అద్దంలో ఉన్నట్టు గుర్తు.

గురువారం బెల్లు నొక్కే వంతు అతనిది. రెండుసార్లు నొక్కాడు. మోగలేదు. రోజూ నొక్కి పరిగెత్తేవాళ్ళే గానీ, మోగిందో లేదో విన్నవాడెవడు? నిన్న తగిలించిన సంచి కొక్కేనికి లేదు. ఎవరో తీసుకున్నారు. తలెత్తి చూశాడు. కింది అద్దంలో మోచేతి దాకా చెయ్యి. ఊగుతోంది.

అతను లైను చివరిదాకా వెనకబడ్డాడు.

లైను చివర విజిల్ సొంత బాబాయి ఆయాసపడుతూ వస్తాడు. మంగలి షాపు ఆయనది. పరిగెత్తేదానికన్నా మాట్లాడేదెక్కువ.

"బాబాయ్, ఆ చెయ్యి రోజురోజుకీ కిందికి దిగుతోంది, చూశావా?"

"కుర్చీలో కూర్చుందేమోరా. వయసైంది."

"మరి మొన్న నిలబడి, నిన్న సగం కూర్చుందా?"

బాబాయి నోరు మూసుకున్నాడు. ఆయన నోరు మూసుకోవడం గుంపులో అదే మొదటిసారి.

శుక్రవారం అద్దం అడుగున నాలుగు వేళ్ళు, అరచేయి. అంతే. జనం టాటా అన్నారు. వేళ్ళు కదిలాయి. టిక్కు పడింది. అంకె అదే.

ఆ మధ్యాహ్నం మీటర్ మెడికల్ షాపుకెళ్ళాడు.

"తలనొప్పి మాత్ర కావాలి."

"ఎవరికి?"

"మీకే. నేను చెప్పేది వింటే వస్తుంది."

ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి అతను రెండు క్షణాలు చెప్పాల్సింది మర్చిపోయాడు. తర్వాత గుర్తొచ్చింది. చెప్పేశాడు. మీటరూ, బెల్లూ, దిగుతున్న చెయ్యీ.

ఆమె మొహంలో నవ్వు ఆరిపోయింది.

"అంటే, దెయ్యమంటావా?"

"ఏమంటానో నాకే తెలీదండీ. మనిషున్న ఇంటికి మీటర్ ఎంతో కొంత తిరుగుతుంది. ఆ ఇంటికి తిరగట్లేదు. మరి ఊగేదేంటి?"

ఆమె ముంజేతి మీద రోమాలు లేచాయి. అతను చూడనే చూశాడు. చూశాడని ఆమెకి ఒళ్ళు మండింది. భయాన్ని దాచుకోవాలంటే కోపం కన్నా మంచి దుప్పటి లేదు కదా.

"నేనీ గుంపు పెట్టిందే ఆ మామ్మ కోసం. మందులకి షాపు దాకా రాలేకపోతున్నానంటే మొదటి సంచి ఆవిడకే తగిలించా. రోజూ చూస్తున్నా, రోజూ చెయ్యూపుతోంది. ఎల్లుండి టీవీ వాళ్ళొస్తుంటే నువ్వొచ్చి దెయ్యాల కబుర్లా?"

"ఒక్క నిమిషం ఆగి, మేడెక్కి చూద్దామంటున్నా. అంతేగా."

"ఒక్కో ఇంటి దగ్గర ఒక్కో నిమిషమంటే ఇరవై నాలుగు నిమిషాలు! రేపు ఆ గేటు దగ్గర ఆగావంటే గుంపులో నువ్వు లేవు. నాతో మాట్లాడక్కర్లేదు కూడా."

"మాట్లాడకపోతే ఎలాగండీ?"

"బల్లి శకునాలు పలికేవాడితో నాకేం మాటలు?"

మాత్ర కొనకుండానే బయటికొచ్చాడు. తలనొప్పి మాత్రం నిజంగానే మొదలైంది. ఆగితే ఆమె పోతుంది. ఆగకపోతే? ఆ చెయ్యి ఇంకెంత కిందికి దిగుతుంది? కిందికి దిగడానికి అద్దం మిగల్లేదే!

శనివారం మంచు గోడ కట్టినట్టుంది. ముందువాడి వీపు వెనకవాడికి కనపడదు. బూట్ల చప్పుడే దారి. మామ్మ గేటు దగ్గరికొచ్చేసరికి అందరూ అలవాటుగా తలెత్తారు.

కిటికీలో ఏమీ లేదు.

"టాటా మామ్మా!" అరిచారు కొందరు, ఖాళీ అద్దానికి. అలవాటు అంత చెడ్డది.

విజిల్ పెన్ను అట్ట మీద ఆగింది. టిక్కు పెట్టలేదు. "స్నానానికెళ్ళి ఉంటుంది" అంది, ఎవరూ అడక్కుండానే. "పదండి, పదండి."

మీటర్ కదల్లేదు.

"చెప్పానా లేదా?" అంది ఆమె.

"చెప్పారు. నేను ఆగిపోయానండీ. మీరెళ్ళండి."

ఆమె విజిల్ నోట్లో పెట్టుకుంది. ఊదలేదు. ఊపిరి చాల్లేదో, మనసు రాలేదో. లీడర్ ఆగింది కాబట్టి వెనకవాళ్ళు ఆగారు. ఒక్కొక్క జతా, ఇరవై జతల బూట్లూ చప్పుడాపేశాయి. నెల రోజుల్లో ఆ వీధిలో ఆ గుంపు నిశ్శబ్దంగా నిలబడ్డది అదే మొదలు.

అప్పుడు వినపడింది.

టప్.

చాలాసేపటికి మళ్ళీ. టప్.

మేడ మీంచి. కిటికీ కింద గోడలోంచి వస్తున్నట్టు.

"ఓరి దేవుడా" అన్నాడు బాబాయి. "ఇది రోజూ ఉందా? మన కాళ్ళ రొదలో..."

మీటర్ అప్పటికే గేటు దూకాడు. వెనకే విజిల్ దూకింది. ముందు తలుపు గడియ వేసుంది. పెరటి తలుపుకి బాబాయి, ఇంకో ముగ్గురూ భుజాలతో గుద్ది తెరిచారు. మెట్లన్నీ చీకటి. స్విచ్చు నొక్కితే వెలగలేదు. మెట్ల గోడకున్న మెయిన్ స్విచ్ కింద ఫ్యూజు మాడిపోయి నల్లగా వేలాడుతోంది.

గదిలో ముందు కనపడ్డది కిటికీ. అద్దం నిండా అరచేతుల ముద్రలు. పైన ఉన్నవి గట్టిగా, దగ్గర దగ్గరగా. నడిమివి కొంచెం జారి. కిందవి గీతల్లా పొడుగ్గా ఈడ్చుకుపోయి. ఎవరో ఆ అద్దం మీంచి ఒక్కో మెట్టూ దిగి వెళ్ళిపోయినట్టు.

కిటికీ కింద నేల మీద మామ్మ. పక్కన ఖాళీ బిస్కెట్ల డబ్బా, అడుగంటిన నీళ్ళ కూజా, చచ్చిపోయిన సెల్‌ఫోను. చెంచాతో గోడని కొడుతోంది. వాళ్ళొచ్చాక కూడా ఇంకోసారి కొట్టింది.

విజిల్ మోకాళ్ళ మీద కూలబడింది. "మామ్మా!"

మామ్మ పగిలిన పెదాలు కదిలాయి. "ఆదివారం కరెంటు పోయింది. చీకట్లో పడ్డానే. తుంటి దెబ్బ. ఫోన్లో చార్జింగు అప్పటికే లేదు. మొదట్రోజు అద్దం పట్టుకుని లేచా. తర్వాత లేవలేకపోయా. అద్దం కొట్టాను, మీరు టాటా అన్నారు. ఇంకా గట్టిగా కొట్టాను. ఇంకా గట్టిగా టాటా అన్నారు."

ఆ చెయ్యి ఊగలేదు. ఐదు రోజులు అద్దాన్ని బాదింది. పరిగెత్తేవాడి కంటికి బాదడమూ ఊపడమూ ఒక్కటే.

అంబులెన్సు కోసం గేటు దగ్గర నిలబడ్డప్పుడు చెత్త బండి వచ్చింది. బండివాడు గేటుకున్న సంచిని, అందులోని పాలూ రొట్టె మందులతో సహా, తీసి బండిలో పడేశాడు.

"అయ్యో, అదెందుకు తీశావ్?" అంది విజిల్.

"గేటుకి తగిలించింది చెత్తే కదమ్మా. ఈ వారమంతా ఇలాగే ఉంటే తీసుకెళ్తున్నా. పొరపాటా?"

ఆమె తన అట్ట మీది టిక్కుల్ని చూసుకుంది. సోమవారం, మంగళవారం, బుధవారం, గురువారం, శుక్రవారం. చక్కటి చేతిరాత.

ఆస్పత్రిలో తొమ్మిదింటికి డాక్టరమ్మ బయటికొచ్చి తుంటి ఎముక చిట్లిందని, ఒంట్లో నీళ్ళు ఎండిపోయాయని, ఇంకొక్క రోజు ఆలస్యమైతే కష్టమయ్యేదని చెప్పింది. ఇప్పుడు గండం గడిచిందంది.

విజిల్ వరండా బెంచీ మీద కూర్చుని అంది. "ఐదుసార్లు క్షేమం అని రాశాను."

"రాశారు" అన్నాడు మీటర్.

"నా తప్పేం లేదని ఒక్కమాట అనొచ్చుగా?"

"ఉన్న అంకె ఉన్నట్టు చెప్పడమే నాకొచ్చిన పనండీ. మీ తప్పుంది. నాదీ ఉంది. బుధవారం అనుమానమొస్తే శనివారం దాకా ఆగాను. మీరు మాట్లాడరేమోనని. సిగ్గుండాలి నాకు."

ఆమె తలెత్తి చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఓదార్చేవాళ్ళు షాపుకి రోజుకి పదిమంది వస్తారు. తప్పులో సగం మోస్తానని వచ్చినవాడు ఇతనొక్కడే.

లోపల మామ్మకి సెలైన్ ఎక్కుతోంది. ఇద్దర్నీ చూసి కళ్ళు చికిలించింది.

"ఈ అబ్బాయేనా?"

"ఏ అబ్బాయి మామ్మా?"

"నటించకు. మేడ మీంచి నాకన్నీ కనపడతాయి. నువ్వు లైను ముందు పరిగెడుతూ ఒకటే వెనక్కి తిరగడం. నాకోసం చూస్తున్నావనుకుని ఇంకా గట్టిగా బాదేదాన్ని. చూస్తే ఏముంది? ఈ పొట్టగాడు వస్తున్నాడా లేదా అని!"

విజిల్ మొహం సిగ్గుతో ఎర్రబడి, వెంటనే తెల్లబోయింది. వెనక్కి తిరిగి చూసిన ప్రతిసారీ ఓ మనిషి ప్రాణం కిటికీలో కొట్టుకుంటోంది. ఆమె చూసింది అతన్ని.

"మామ్మా, నన్ను..."

"క్షమిస్తాలే. అయితే ఊరికే కాదు. వాడితో మాట్లాడు, తేల్చు. వెనక్కి తిరిగి మెడలు విరగ్గొట్టుకోకు."

బయటికొచ్చాక ఆమె గేటు దగ్గర నిలబడిపోయింది. చేతిలో అట్ట.

"మీటరూ."

"ఊఁ."

"మిగతా ఇరవై మూడు కిటికీలూ?"

అతనికి అర్థమైంది. ఇరవై మూడు చేతులు. ఏది ఊగుతోంది, ఏది కొడుతోంది? ఎవరికి తెలుసు?

"పదండి" అన్నాడు.

బాబాయికీ, మిగతావాళ్ళకీ ఫోన్లు చేసి తలో ఇల్లూ పంచారు. టీవీ వాళ్ళకి ఆమే ఫోన్ చేసి రావద్దంది. ఎందుకని వాళ్ళడిగితే, "మేం ఇక పరిగెత్తం, నడుస్తాం, మేడలెక్కుతాం, మీకు చూపించడానికి ఏమీ ఉండదు" అని పెట్టేసింది.

వాళ్ళిద్దరి వంతుకొచ్చింది పాత రేడియోలు బాగుచేసే తాతయ్య ఇల్లు. బెల్లు నొక్కారు. లోపల మోగడం వినపడింది. ఎవరూ రాలేదు.

మంచు ఇంకా విడలేదు. వీధిలో పిట్ట కూడా కూయట్లేదు. తలుపు అవతల చడీచప్పుడు లేదు. ఆమె ఆగకుండా పాదాలు మార్చుకుంటోంది. నిలబడటం ఆమెకి రాదు.

"భయమేస్తోంది" అంది.

"నాకూ."

"ఏమైనా మాట్లాడు."

"మీరంటే ఇష్టం. పొట్ట తగ్గాక చెబుదామనుకున్నా. అది తగ్గేలా లేదు."

ఆ తలుపు ముందు, ఆ భయంలో, ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. "ఇప్పుడా చెప్పేది?"

"ఏమైనా మాట్లాడమన్నారుగా."

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది, తడిగా ఉంది, గట్టిగా ఉంది. "నాకూ ఇష్టమే. ఇంట్లో మా నాన్నతో నేను చెప్తా, బాబాయితో నువ్వు చెప్పు. ఆయన నోరాగదు, ఊరంతా ఆయనే చెప్పేస్తాడు. కానీ ఒక్కటి. నాకు కోపమొస్తుందని ఎప్పుడూ నిజం దాచకు."

"దాచను."

"కోపమొస్తుంది మరి."

"రానివ్వండి. విజిల్ మాత్రం కొంచెం దూరంగా ఊదండి."

లోపల ఏదో కదిలింది. కర్ర చప్పుడు. ఒక అడుగు. చాలాసేపటికి ఇంకో అడుగు. ఇద్దరూ చేతులు వదల్లేదు. ఆ నడవ ఎంత పొడుగో ఇన్నాళ్ళూ ఎవరూ వినలేదు.

గడియ తీసిన చప్పుడైంది. తాతయ్య తల బయటికి పెట్టి వాళ్ళ మొహాలు చూశాడు, పట్టుకున్న చేతులు చూశాడు.

"పారిపోకుండా నిలబడ్డారే! ఎవరైనా పోయారా?"

"లేదు తాతయ్యా" అంది ఆమె. "మీరు బాగున్నారా అని అడగడానికొచ్చాం."

తాతయ్య తలుపు పూర్తిగా తెరిచాడు.

"దానికి కూర్చోవాలమ్మా. చాలా ఉంది చెప్పడానికి."