బండికే బీమా

కెనడా సరిహద్దున ఆ ఊళ్లో ఇంటికో పడవ, మనిషికో మంచుబండి. అన్నింటికీ బీమా. చలికాలం ఊరి సరస్సు గడ్డకట్టాక దాని మీద బండ్లు తోలడం, వాటిలో ఏదో ఒకటి మునగడం, దాన్ని బీమా కంపెనీ ఖర్చుతో పైకి లాగించడం అక్కడివాళ్లకి కొత్తేమీ కాదు. మునిగిన బండిని నీళ్లలో వదిలేస్తే చట్టం ఊరుకోదు. పెట్రోలు కారి చేపలు చస్తాయట. మునిగింది మనిషైతే మాత్రం అంత తొందర ఎవరికీ ఉండదు; అలా నీళ్లలోనే ఉండిపోయినవాళ్లు ఎందరో.

మార్లిస్ మొగుడు ఆర్లన్ ఒక సాయంత్రం మంచుబండి మీద సరస్సులోకి వెళ్లి మళ్లీ రాలేదు. పోలీసులు కొన్నాళ్లు వెతికి, మంచుగడ్డ పలచగా ఉంది, ఎండలు వచ్చాక చూద్దామన్నారు. కుండ మూతి మూయొచ్చు గానీ ఊరి నోరు మూయలేం కదా. బండిని తనే ముంచేసి కెనడా చెక్కేశాడని బార్లో కూర్చున్నవాళ్లు తేల్చేశారు. వెంట ఎవత్తో ఉందని కూడా అన్నారు. తనని వదిలేసి పోయే మనిషి కాదని మార్లిస్‌కి తెలుసు. తెలిసినా, ఒంటరిగా పడుకున్నప్పుడు ఆ నమ్మకం నిలిచేది కాదు. అందుకే మనిషి కోసం నీళ్లలోకి దిగేవాడు దొరక్కపోయేసరికి ఆమె బండి కోసం అర్జీ పెట్టింది. బండిని తీయడానికి దిగినవాడు పక్కనే ఉన్న మనిషిని చూడకపోతాడా అని ఆమె ఆశ.

కంపెనీ తరఫున నష్టం చూడటానికి లోవెల్ వచ్చాడు. ఆమె తండ్రికి స్నేహితుడు, చిన్నప్పటి నుంచి ఆమెని ఎరిగినవాడు. ఆయన వెంట ఈతగాడు క్లింట్ రంపం, గొలుసులు, ఇనప చట్రం తెచ్చుకున్నాడు. వాగు వచ్చి సరస్సులో కలిసే చోట ఆర్లన్ బండి మునిగిన పాత కన్నం మీద కొత్త గడ్డ పేరుకుని ఉంది. క్లింట్ దాన్ని కోసి, రబ్బరు సూటు తొడుక్కుని దిగాడు.

మార్లిస్ కన్నం అంచున నిలబడింది. తెచ్చిన కాఫీ ఫ్లాస్కు మూతైనా తీయలేదు. గాలి ఆగిపోయింది. కోసిన గడ్డ నుంచి తడి ఇనుము వాసన వస్తోంది. ఆ దేశంలో శీతాకాలం పొద్దు మహా పిసినారిది, మధ్యాహ్నం తిండి అరగకముందే చీకటి పడుతుంది. దూరంగా ఎక్కడో గడ్డ బిగుసుకుని సరస్సు ఒకసారి మూలిగింది.

క్లింట్ పైకొచ్చాడు. ఆమె కళ్లలోకి చూడకుండా, ఎవరూ లేరని తల అడ్డంగా ఊపాడు. గొలుసు తిరిగింది. ఆర్లన్ బండి నీళ్లు కారుతూ లేచింది. లోవెల్ నంబరు సరిచూసి, ఫొటోలు తీసి, ఇంక ఒడ్డుకి లాక్కుపోదామన్నాడు. ఆయన తాళ్లు కడుతుంటే క్లింట్ మెల్లగా ఆమె పక్కకి చేరాడు.

"అక్కా... బండి అడుగున లేదు."

"మరెక్కడుంది?"

"పైనే. గడ్డకి కిందివైపు, తలకిందులుగా ఆనుకుని ఉంది. గడ్డ అడుగంతా బండి పోయిన జాడలే. ఈ కన్నం నుంచి మీ ఇంటి ఒడ్డుదాకా... మళ్లీ వెనక్కి. చాలాసార్లు."

నీటి ఒరవడి అటూ ఇటూ ఈడ్చి ఉంటుందిలే అన్నాడు లోవెల్. అన్నాడే గానీ గొంతులో పస లేదు. అతను వస్తున్నాడు, రోజూ ఇంటికి వస్తున్నాడు అని మార్లిస్ మనసులో అనుకుంది. ఏడుపొచ్చింది.

లోవెల్, క్లింట్ ఎక్కిన బండి ముందు, ఆర్లన్ బండి వెనక, ఆ వెనక తన మంచుబండిని కన్నం దగ్గరే వదిలి నడుస్తూ మార్లిస్. కొంతదూరం పోయారో లేదో, ఆమె బూట్ల కింద చప్పుడు.

టక్... టక్...

ఆమె ఆగింది. అదీ ఆగింది. నడిచింది. అదీ నడిచింది.

ఇక్కడ కొయ్యమని ఆమె బతిమాలింది. ఆ చప్పుడు వాళ్లూ విన్నారు, వినలేదని ఎవరూ అనలేదు. కానీ లోవెల్ చేతులు నలుపుకున్నాడు.

"నా చేతుల్లో ఏముంది తల్లీ? పాలసీ బండికి. బండి వచ్చేసింది."

మార్లిస్ వెనక్కి పరుగెత్తింది. ఆమె సొంత మంచుబండి కన్నం దగ్గరే ఉంది. ఎక్కి, దీపం వేసి, తిన్నగా కన్నం మీదికి తోలి, అంచున దూకేసింది. బండి ముక్కు ముందుగా నీళ్లలోకి పోయింది. దీపం పచ్చగా వణుకుతూ దిగిపోయింది.

లోవెల్ రొప్పుతూ వచ్చేసరికి ఆమె గడ్డ మీద బోర్లా పడి ఉంది.

"ఇంకోటి మునిగింది బాబాయ్. దీనికీ బీమా ఉంది."

"కావాలని ముంచితే ఎవరిస్తారే పిచ్చిదానా?"

"జారిపోయిందని రాయి. నీ కాళ్లు పట్టుకుంటాను."

నిజంగానే పట్టుకుంది. లోవెల్ ఉద్యోగంలో చేరాక ఒక్క అబద్ధం రాసి ఎరగడు. టోపీ తీసి, కన్నం వైపు చూశాడు.

"జారింది," అన్నాడు. "నా కళ్లతో చూశాను."

చచ్చినా మళ్లీ దిగనని క్లింట్ చెప్పేశాడు. ఆమె చూపించిన చోట కోస్తాను, చేతికందితే లాగుదామన్నాడు. సరే అంది. అదే చాలు అంది.

అప్పుడు దీపం పైకొచ్చింది.

గడ్డకి కిందగా... మెల్లగా... ఎవరో తోలుతున్నట్టు. లోవెల్ కాళ్ల కింద నుంచి సాగి, మార్లిస్ కిందికి వచ్చి ఆగింది. నీళ్లలో ఇంజన్ చప్పుడు. ఆ చప్పుడు ఆగింది.

టక్... టక్...

"ఇక్కడే," అంది మార్లిస్. ఆమె నవ్వుతోంది, కన్నీళ్లు చెంపల మీదే గడ్డకడుతున్నాయి. "ఇక్కడ కొయ్యి, తమ్ముడూ."

క్లింట్ రంపం ఆనించాడు. అతని కాళ్ల కింద ఒక చప్పుడు. రంపం ఆపాడు. లోవెల్ కింద ఇంకోటి. ఒడ్డు వైపు ఒకటి. సరస్సు నడిమధ్య... ఇంకొకటి. తర్వాత లెక్క తప్పిపోయింది.

"అక్కా," అన్నాడు క్లింట్ గుసగుసగా. "ఎక్కడ కొయ్యను?"

మార్లిస్ గడ్డకి నోరు ఆనించింది. పెదవులు అతుక్కున్నాయి. ఆ మనిషొక్కడికే వినపడేలా, ఇంట్లో పిలిచినట్టే పిలిచింది.

"ఆర్లన్..."

చప్పుళ్లన్నీ ఆగిపోయాయి.

తర్వాత ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుదాకా, అన్నీ కలిసి, ఒక్కసారే బదులిచ్చాయి.