ఒక్క ఫోటో తీస్తారా?

ఊరు చూడమన్నారు, కడుపునిండా తినమన్నారు. ఇంత మంచి డ్యూటీ ఎవరికి పడుతుంది!

గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అతన్ని గుమాస్తా అంటారు. పదహారేళ్ళ సర్వీసులో వేసిన వేషాలన్నీ గుమాస్తావే. ఆ ఉదయం ఏడింటికి, ఆ పరాయి రాజధానిలోని హోటల్ గదిలో, పై అధికారి పెద్దాయన కర్టెన్లు మూసి బ్రీఫింగ్ ఇచ్చాడు. శత్రు ముఠాలో మనవాళ్ళు ఏడుగురు మారుపేర్లతో ఉన్నారు. వాళ్ళ అసలు పేర్ల లిస్టు మన ఆఫీసులోంచే పోయింది. ఇవాళ సిటీ టూర్ బస్సు ప్రయాణికుల మధ్య అది చేతులు మారుతుంది. సాయంత్రం ఐదింటి లాంచీలో కొరియర్ నది దాటాడా, తెల్లారేసరికి ఏడు శవాలు.

"మూడో పేరు ఎవరిదో నీకు తెలుసు," అన్నాడు పెద్దాయన.

తెలుసు. సొంత తమ్ముడిది. రెండేళ్ళుగా బతికున్నాడో లేదో అని వాళ్ళమ్మ రోజూ అడుగుతుంటే, ఆఫీసు పని మీద ఉన్నాడని ఇతనే అబద్ధం చెబుతున్నాడు.

"ఇంకెవర్నైనా పంపొచ్చుగా సార్?"

"ఇంకెవరైనా అయితే నిజంగానే ఊరు చూస్తారు."

చొక్కా గుండీలో మైకు, చెవిలో గింజంత స్పీకరు, మెడలో టూరిస్టు మ్యాపు. బస్సు మెట్ల దగ్గర గైడ్ నిలబడి ఉంది. ఎర్ర పట్టు స్కార్ఫ్, నల్ల కళ్ళద్దాలు. ఆమె నవ్వితే సగం బస్సు ఊరి సంగతే మర్చిపోతోంది. ఇక్కడ తినడానికి ఏది బాగుంటుందని గుమాస్తా అడిగాడు. ఆకలేస్తే అన్నీ బాగుంటాయంది. కోడ్ కలిసింది. ఆమె మన మనిషే. టిక్కెట్టు చింపి ఇస్తూ, టోపీ పెట్టుకున్న ముసలాయన మీద కన్నేసి ఉంచమని చెవిలో ఊదింది.

ఉంచాడు మహానుభావుడు. మ్యూజియంలో అందరూ రాజుల కత్తులు చూస్తే ఇతను టోపీని చూశాడు. పాత కోటలో టోపీని చూశాడు. మార్కెట్లో పొగలు కక్కే సూప్ రుచి తెలియకుండా తాగి నాలుక కాల్చుకున్నాడు. ముసలాయన భార్య జాలిపడి తన కేకులో సగం విరిచి ఇతని ప్లేట్లో పెట్టింది. మొహం అలా వేలాడేశావేం నాయనా, ఇంట్లో ఎవరికైనా బాగోలేదా అని అడిగింది. తమ్ముడికి బాగోలేదన్నాడు. పొద్దున్నుంచి అతను ఆడిన నిజం అదొక్కటే.

నాలుగూ ముప్పావుకి బస్సు నది ఒడ్డున గడియారం స్తంభం దగ్గర ఆగింది. అందరూ ఫోటోలకి ఎగబడ్డారు. గైడ్ ఓపిగ్గా అందరి కెమెరాలూ తీసుకుని తీసిపెడుతోంది. బూడిదరంగు కోటు ప్రయాణికుడొకడు వచ్చి ఒక్క ఫోటో తీస్తారా అని తన కెమెరా ఇచ్చి, జనానికి దూరంగా గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

గుమాస్తా చూపు వాణ్ణి దాటి వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చింది. స్తంభం గైడ్ వీపు వెనకాల ఉంది. ఫోటోలో పడేది వాడూ, వట్టి ఇటుకలూ. ఇంత దూరం వచ్చి ఇటుకల ముందు ఫోటో దిగే వెర్రివాడు ఎవడుంటాడు?

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇతగాడు పొద్దున్నుంచీ ఆ దొంగ చూపించిన వైపే చూస్తున్నాడు!

లాంచీ మొదటి కూత వేసింది. గైడ్ చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి వెళ్ళి, అచ్చం అలాంటిదే ఇంకో కెమెరాతో బయటికొచ్చింది. అది కోటువాడి చేతికి చేరేలోగా గుమాస్తా నాలుగంగల్లో వెళ్ళి అందుకున్నాడు.

"ఇద్దరూ కలిసి నిలబడండి, నేను తీస్తాను," అన్నాడు అందరికీ వినపడేలా.

ముసలావిడ కూడా వంత పాడింది. నిలబడమ్మా, పొద్దున్నుంచి అందరికీ తీస్తున్నావు, నీకూ ఒకటుండాలిగా అంది. అంతమంది ముందు కాదనలేక ఇద్దరూ నిలబడ్డారు. గుమాస్తా ఫోటో తీస్తూనే బొటనవేలితో మూత తెరిచి మెమరీ కార్డు లాగేశాడు.

గైడ్ దగ్గరికొచ్చింది. నవ్వు చెరగనివ్వకుండానే గొంతు తగ్గించింది.

"అది ఇచ్చేయండి. వాళ్ళ దగ్గర మా అమ్మాయి ఉంది. ఆరేళ్ళ పిల్ల."

"మాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేసేవాళ్ళు? ఫైలు తెరిచేవాళ్ళు."

రెండో కూత వినపడింది. పక్కనే చేపలు వేయించే బండి మీద నూనె సలసల కాగుతోంది. ఒకవైపు తమ్ముడు, ఒకవైపు ఎవరో పసిపిల్ల. తమ్ముడి వైపే మొగ్గుతున్నానని అతనికి తెలుసు, ఆ క్షణంలో తనంటే తనకే అసహ్యం వేసింది. కార్డు నూనెలో వేశాడు.

కోటువాడు చేతిలోని పెన్ను చివర విషపు సూది గైడ్ మెడలో గుచ్చి, లాంచీ వైపు పరిగెత్తాడు. లాంచీ ఎక్కడానికి వేసిన పలక లాగేస్తున్నారు. దాని మీద కాలు పెట్టబోతుండగా, మైకులో అంతా విన్న మనవాళ్ళిద్దరు టిక్కెట్ల గదిలోంచి దూకి వాణ్ణి ఒడిసిపట్టారు.

గైడ్ బెంచీ మీద కూలబడింది. ఎండదెబ్బ కాబోలనుకుని ముసలావిడ మ్యాపుతో విసురుతోంది. గైడ్ గుమాస్తా చొక్కా పట్టుకుని, వంతెన అవతల బేకరీ పైన, వారానికోసారి పిల్లని అక్కడే చూడనిస్తారు అంది. చొక్కా మీది చెయ్యి జారిపోయింది, ఊపిరి ఆగింది.

ఇరవై నిమిషాలకి చెవిలో పెద్దాయన గొంతు పలికింది.

"పిల్ల దొరికింది. క్షేమంగానే ఉంది. వాళ్ళమ్మ ఎప్పుడొస్తుందని అడుగుతోంది."

ముందే చెప్పుంటే ఇరవై నిమిషాల పని. గుమాస్తా బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని, ఎవరికీ కనపడకుండా ఏడ్చాడు.

దిగేటప్పుడు డ్రైవరు అందరికీ అభిప్రాయాల కాగితం పంచాడు. గుమాస్తా ఊరు బాగుందని రాశాడు. భోజనం బాగుందని రాశాడు. మళ్ళీ వస్తే ఇదే గైడ్ కావాలా అన్న చోట మాత్రం "వీలుపడదు" అని రాశాడు.