గుట్కా మాన్పించే అబ్బాయి

“ఈ బొమ్మలు పంపేది నువ్వేనా?” అంటూ దిల్షాద్ తన ఫోనును మసూద్ ముఖానికి దగ్గరగా పెట్టింది.

పుండుపడిన నోటి ఫొటో. కింద ‘గుట్కా ప్రాణాంతకం. నేడే త్యజించండి’ అని ఉంది.

హిందూపురంలోని ఆ చిన్న ఆఫీసులో, గుట్కా మానాల్సినవాళ్ళకు మెసేజీలు రాసి పంపడం మసూద్ ఉద్యోగం. దిల్షాద్ ధర్మవరంలో పట్టుచీరల షాపులో బిల్లింగ్ చేస్తుంది. సెలవు పెట్టుకుని మరీ తిట్టడానికి వచ్చింది.

పెనుకొండలో పంక్చర్ షాపు నడిపే ఆమె తండ్రి ఖలందర్‌కు నోరు సరిగ్గా తెరుచుకోవడం లేదు. ఇలాగే నమిలితే నోరు పూర్తిగా బిగుసుకుపోతుందని డాక్టరు చెప్పాడు. ఆయన నంబరు ఇక్కడ ఇచ్చింది దిల్షాదే.

“నీ బొమ్మ చూసి మా నాయన భయపడతాడు. ఆ భయం పోయేదానికి ఇంకో ప్యాకెట్ చించుతాడు. త్యజించండి అంట. ఏ ఇంట్లో మాట్లాడతారబ్బా అట్లా?”

మసూద్ తన ట్రైనింగు గురించి ఏదో చెప్పబోయాడు. ఆమె ముక్కు చిట్లించింది.

“నీ దగ్గరే సిగరెట్ కంపు కొడతాండాది. నువ్వు చెప్తే మా నాయన వినాల్నా?”

ఆమె వెళ్ళాక అతనికి కోపం వచ్చింది. సాయంత్రానికి కోపం పోయి సిగ్గు మిగిలింది. ఆమె చూసిన చూపు మాత్రం పోలేదు.

మర్నాడు బొమ్మలు మానేసి, ఖలందర్‌కు తన గొంతుతోనే వాయిస్ మెసేజ్ పెట్టాడు. తానూ సిగరెట్ మానాలనుకుంటున్నానని, ఒక్కడివల్ల కావడం లేదని, తోడుంటావా మామా అని. ఖలందర్ నవ్వుకున్నాడు. తర్వాత పిల్లోడి మీద జాలిపడి సరేనన్నాడు.

ఆ రోజునుంచి ఇద్దరికీ వాయిస్ మెసేజీలు నడిచాయి. టీ తాగాక ప్రాణం లాగుతోందని ఒకరంటే, సోంపు నములు అని ఇంకొకరు. మసూద్ ఒకసారి ఆగలేక కాల్చి, దాచకుండా చెప్పేశాడు. ఖలందర్ బాగా తిట్టాడు. అంత తిట్టాక తాను గుట్కా వేసుకోవడానికి ఆయనకు మొహం చెల్లలేదు.

దిల్షాద్ నుంచి మసూద్‌కు మెసేజ్ వచ్చింది: “మా నాయన నీకేం మామ? వరస ఎవురు కలిపినారు?”

“నువ్వు కలుపుతావేమో అని” అని రాసి, తుడిచేసి, మళ్ళీ రాసి పంపాడు. ఆమె చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి.

కొన్ని నెలల తర్వాత డాక్టరు, నోరు బిగుసుకోవడం ఆగిందన్నాడు. ఆ సాయంత్రం ఖలందర్ వాయిస్ మెసేజ్ వచ్చింది.

“ఏమప్పా, నా బిడ్డ దినామూ నిన్ను తిడతాండాది. పెండ్లికి ముందు వాళ్ళమ్మ కూడా నన్ను ఇట్లనే తిట్టేది. మీ అమ్మను పిల్చుకొని రా, మాట్లాడుకుందాం.”

వెనకనుంచి దిల్షాద్ గొంతు వినిపించింది.

“ఆదివారమే రమ్మను. మిగతా దినాలు నాకు డ్యూటీ ఉండాది.”