పేజీ అడుగున తేదీ

సోమవారం మధ్యాహ్నం, మాన్యువల్ రాసే పెద్దాయన కీబోర్డ్ మీద తల పెట్టి పడుకున్నాడనుకున్నారు అందరూ. టీ తెచ్చినవాడు తట్టి లేపబోతే లేవలేదు. మెడ మీద సూది గుచ్చిన గుర్తు.

మంగళవారం ఉదయం అదే కుర్చీలో కొత్త రైటర్ కూర్చున్నాడు. జేబులో పెన్ను, పెన్నులో కెమెరా. ఫోన్ మోగింది.

"పేజీ నంబర్ ఎంత?"

"ఇంకా వేయలేదు" అన్నాడు రైటర్ వేషంలో ఉన్న ఏజెంట్. అది వాళ్ల నిఘా డిపార్ట్‌మెంట్ కోడ్.

"విను" అన్నాడు చీఫ్. "ఊరి చివర గ్యాస్ ప్లాంట్ నడిచేది ఈ కంపెనీ సాఫ్ట్‌వేర్ మీదే. అలారం మోగితే ఆపరేటర్ హెల్ప్ తెరిచి, స్క్రీన్ ఏం చెబితే అది చేస్తాడు. ఆ హెల్ప్ ఏ ఫార్మాట్‌లో ఉండాలో పదింటికి మీటింగ్. పీడీఎఫ్ అయితే ఫైల్ ప్లాంట్ మెషీన్‌లోనే ఉంటుంది. వెబ్ పేజీలైతే బయటి సర్వర్ నుంచి వస్తాయి. ఆ సర్వర్ విదేశీ ముఠా చేతిలో ఉంది. దొంగ అలారం వాళ్లే మోగిస్తారు, తప్పుడు స్టెప్ వాళ్లే చూపిస్తారు. అలారం దొంగదైనా పేలుడు మాత్రం నిజమే. పెద్దాయన అది పసిగట్టాడు. సర్వర్ సంగతి ఎత్తకు, వాళ్లు జారిపోతారు. పీడీఎఫ్ నెగ్గించు."

ఆ ప్లాంట్ కంట్రోల్ రూమ్‌లో మార్నింగ్ షిఫ్ట్ ఆపరేటర్ ఏజెంట్ అక్కే. అమ్మ పోయాక అతన్ని పెంచింది ఆమే. తమ్ముడు ప్రింటర్లు బాగుచేసుకుంటూ ఏదోలా బతుకుతున్నాడని ఆమె దిగులు.

మీటింగ్‌కి కంపెనీ బయటినుంచి పిలిపించిన కన్సల్టెంట్ ఎర్ర ఫ్రేమ్ కళ్లద్దాలతో, హైహీల్స్‌తో వచ్చింది. చీఫ్ పంపిన ముఠా మనుషుల ఫోటోల్లో మొదటి ఫోటో ఆమెదే. ఆమె పీడీఎఫ్‌ని ప్రొజెక్టర్ మీద తెరిచింది.

"ఇది కాగితం కోసం పుట్టిన ఫార్మాట్. అక్షరం కనపడాలంటే పెద్దది చెయ్యాలి. చేస్తే లైను సగం స్క్రీన్ బయటికి పోతుంది. అలారం మోగుతుంటే ఆపరేటర్ పేజీని అటూ ఇటూ జరుపుతూ కూర్చోవాలా? వెబ్ పేజీ స్క్రీన్ ఎంతుంటే అంతలో సర్దుకుంటుంది."

ఆమె చెప్పింది నిజమే. ఏజెంట్‌కి అదే ఏడుపు.

"మీరేమంటారు?" అన్నాడు మేనేజర్.

"మెషీన్‌లో ఉంటే సేఫ్ కద సార్..." అని నీళ్లు నమిలాడు ఏజెంట్. చేతులన్నీ వెబ్‌కే లేచాయి. రెండు ఫార్మాట్లూ నెల రోజులుగా సిద్ధంగానే ఉన్నాయి. పదకొండింటికి ప్లాంట్‌లో వెబ్ హెల్ప్ ఆన్ అవుతుంది.

కారిడార్‌లో కన్సల్టెంట్ అతని పక్కనుంచి వెళ్తూ, తలతిప్పకుండా అంది. "పేజీ నంబర్ ఇంకా వేయలేదు. అడుగున తేదీ మాత్రం వేయించాను."

కోడ్ కూడా వాళ్లకి చిక్కిందన్నమాట. ఏజెంట్ మెట్ల చాటుకి వెళ్లాడు. చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"ప్లాంట్‌కి ఫోన్ చేయించండి."

"లైన్లు చచ్చిపోయాయి. కంట్రోల్ రూమ్‌లోకి సెల్‌ఫోన్లు రానివ్వరు. మనవాళ్లు గంట దూరంలో ఉన్నారు. నువ్వే పో."

టేబుల్ మీద పెద్దాయన ప్రింట్ తీసుకున్న పీడీఎఫ్ ఉంది. దాన్ని లాక్కుని పరుగెత్తాడు. ప్లాంట్ గేటు దగ్గర వాచ్‌మన్ అతని బండికి ఎప్పుడూ వేలాడే టూల్ బ్యాగ్ చూసి, "మేడమ్ గారి తమ్ముడు కదూ, ప్రింటర్ పాడైందా?" అంటూ వదిలేశాడు. ఇంట్లో చెప్పిన అబద్ధం మొదటిసారి పనికొచ్చింది.

కంట్రోల్ రూమ్ చేరేసరికి పదకొండూ ఇరవై ఎనిమిది. అలారం హోరెత్తుతోంది. అలారం మోగితే ఆ గాజు తలుపు దానంతటదే లాక్ అవుతుంది. లోపల అక్క చెయ్యి స్విచ్ మీద ఉంది. ఆమె ముందు స్క్రీన్ మీద నాలుగో స్టెప్: కూలింగ్ వాటర్ పూర్తిగా మూసేయండి.

అతను గాజును రెండు చేతులా బాదాడు. కాగితాన్ని దానికి అదిమాడు. పూర్తిగా తెరవండి, అని ఉంది అందులో. అక్క కళ్లు చికిలించి చదివింది. తల అడ్డంగా ఊపి స్క్రీన్ చూపించింది. తాజా మాన్యువలే ఫైనల్. అది ప్లాంట్ రూలు, అక్క రూలు తప్పే మనిషి కాదు. చెయ్యి మళ్లీ స్విచ్ మీదికి వెళ్లింది. ఏజెంట్ ఏడ్చేశాడు. నిజంగానే ఏడ్చాడు.

అప్పుడు వెలిగింది. అడుగున తేదీ.

వేలితో కిందికి, కిందికి అని పిచ్చివాడిలా చూపించాడు. అక్క విసుక్కుంటూనే పేజీని చివరిదాకా జరిపింది.

చివరి మార్పు: ఈ రోజు, 11.26.

అక్క గడియారం చూసింది. ఆ ప్లాంట్‌లో మాన్యువల్‌లో ఒక్క లైను మారాలంటే రెండు సంతకాలు, మూడు రోజులు. అలారం మోగుతుండగా రెండు నిమిషాల కింద మారిన మాన్యువల్‌ని ఆమె పదహారేళ్ల సర్వీసులో చూడలేదు. స్విచ్ మీంచి చెయ్యి తీసేసింది.

అలారం ఆగి తలుపు తెరుచుకునేసరికి చీఫ్ ఫోన్. "సర్వర్ దగ్గర ముఠావాళ్లు నలుగురు దొరికారు. కన్సల్టెంటే పట్టించింది. పై ఆఫీసు వాళ్లు ముఠాలో పెట్టిన మనిషట. నాకూ ఇప్పుడే చెప్పారు."

అక్క తమ్ముడి మొహం తుడిచింది. తర్వాత అతని చేతిలోని కాగితం తీసుకుని, దూరంగా పట్టుకుని చూసింది.

"అక్షరాలు మరీ ఇంత చిన్నవేంట్రా. స్క్రీన్ మీద ఇదే పెట్టుంటే చదవలేక చచ్చేదాన్ని."

"మీటింగ్‌లో ఒకావిడ అదే అందక్కా" అన్నాడు ఏజెంట్.