పెట్టె మీద చేతులు

పొద్దున్నే గుడిమల్కాపూర్ పూల మార్కెట్ నుంచి కిషన్‌బాగ్‌లోని ఇంటికి వచ్చిన కొమురమ్మ, చెప్పులైనా విడవకుండా కోడలు పూజిత ముందు ఒక అట్టపెట్టె విసిరింది.

"చూడు, అచ్చం మన మాలచెక్క! ఎవడో చైనా నుంచి తెచ్చి సగం ధరకే అమ్ముతుండు. నువ్వు ఫోన్ల స్టేటస్ పెట్టబట్టే గద కాపీ కొట్టింది?"

మూడు రోజులుగా ఇంట్లో ఇదే లొల్లి. ముప్పై ఏళ్లు మాలలు కట్టి వేళ్లు వంగిపోయాక, నొప్పి లేకుండా ముడి పడేలా కొమురమ్మ తన చేత్తో చెక్కుకున్న చిన్న చెక్క అది. కొడుకు కైలాసం దాన్ని ప్లాస్టిక్‌లో చేయించి అమ్ముదామని చైనా ఫ్యాక్టరీకి పంపాడు. తమ సరుకు ఇంకా రానేలేదు, నకలు బజారుకెక్కింది! తప్పెవరిది? ఇంకెవరిది, కోడలిదే. ఇంట్లో కోడలుండగా తప్పుకు వేరే చిరునామా ఎందుకు!

"నేను స్టేటస్ పెట్టింది పోయిన వారం అత్తమ్మా. వారంల ఇన్ని పెట్టెలు తయారై ఇక్కడికెట్ల వస్తయి?"

కొమురమ్మ వినలేదు. కైలాసం మాత్రం తలెత్తకుండా, అమ్మ కొత్తగా చెక్కిన పెద్ద చెక్కను ప్యాక్ చేస్తున్నాడు.

"అది గూడ ఆ ఫ్యాక్టరోళ్లకేనా?" అంది పూజిత.

"ఏం చేయమంటవ్? మన అచ్చు వాళ్ల దగ్గర్నే ఉన్నది. కొత్త డిజైన్ పంపితేనే మన సరుకు వదుల్తరంట. మార్కెట్ల అరవై మందికి చెక్కలిస్తనని మాటిచ్చిన. ముందర నుయ్యి, ఎనక గొయ్యి నాకు!"

"వేరేటోళ్లకు అమ్మొద్దని కాగితం రాయించుకున్నవా?"

కైలాసం ప్యాకెట్‌కు ఇంకో చుట్టు టేపు వేశాడు. పూజిత పెట్టె తీసి వెనక్కి తిప్పింది. మల్లెలు కడుతున్న రెండు చేతుల ఫోటో.

"ఈ చేతులెవరియి అత్తమ్మా?"

కొమురమ్మ కళ్లజోడు పెట్టుకుంది. మణికట్టు మీద పచ్చబొట్టు, ఎల్లయ్య. పోయిన పెనిమిటి పేరు.

"అయ్యో, నా చెయ్యే! నా ఫోటో వాళ్లకెట్ల దొరికింది?"

కైలాసం ప్యాక్ చేయడం ఆపాడు. "నేనే పంపిన అమ్మా. ఎట్ల కట్టాల్నో చూపెట్టమంటే నీ వీడియో పంపిన. చెక్క, కొలతలు, అన్నీ ఇచ్చిన. ఒక్క కాగితం రాయించుకోలే, వాళ్లే వేరేటోళ్లకు అమ్ముకున్నరు. ఎవ్వరికీ చూపకముందే డిజైన్ రిజిస్టర్ చేపిద్దామని పూజిత మస్తు చెప్పింది, నేనే దండుగన్న. నువ్వు ఆమెను తిడ్తుంటే... చెప్పే దమ్ము లేక ఊకున్న."

"సరుకు పోతే పోయింది గానీ, నీ తప్పుకు పెండ్లాన్ని తిట్టిపిచ్చినవారా!" కొమురమ్మ వాడి చేతిలోని ప్యాకెట్ లాక్కుని పూజిత ఒళ్లో పెట్టింది. "ఇది నీ దగ్గర్నే ఉండనీ. రిజిస్టర్ అయ్యేదాక నా కొడుక్కు గూడ చూపకు."

"మార్కెట్‌కు పోయి అందరికీ నిజం చెప్పొస్తనమ్మా," అని లేచాడు కైలాసం.

"అరవై మందికి తర్వాత. ముందు ఈ పిల్లకు తప్పయిందని చెప్పు."

అతను భార్య కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాడు. కొమురమ్మ కోడలి గడ్డం పట్టుకుంది. "తిట్టింది నేను బిడ్డా. నన్ను గూడ ఒక్క మాట అను. నువ్వు అనకపోతే నాకు ఊపిరాడేటట్టు లేదు."

పూజిత నోరు తెరిచింది. మూడు రోజులు దాచుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు, ఏడుపు మాత్రమే వచ్చింది.